సోల నిండని శనివారం

1988 ఆగస్టు 20, శనివారం. ఉదయం ఆరు నలభై.

రేపల్లెలో ఒక పెంకుటింటి వంటగది. పొయ్యి ముందు అచ్చమ్మ టీచరు శవం.

పక్కకి ఒరిగి పడి ఉంది. కుడి చెయ్యి చాచి ఉంది. ఆ చేతికి జానెడు దూరంలో చిన్న మట్టి కుండ. కుండ చుట్టూ చెదిరిన బియ్యం గింజలు, పిడికెడు కూడా లేవు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కృపారావు గడపలోనే ఆగిపోయాడు. శవం దగ్గర మొదటి ఐదు నిమిషాలు ఏదీ ముట్టుకోకుండా చూడటం అతని అలవాటు. ఆ అలవాటు చూసి కుర్ర ఎస్సైలు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ ఐదు నిమిషాలు అతన్ని ఎప్పుడూ మోసం చెయ్యలేదు.

యాభై ఆరేళ్ళ మనిషి. గుండ్రంగా ఉబ్బిన మొహం. సన్నటి కాళ్ళు. ముంజేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు. ఒకటి కాదు, ఏడెనిమిది.

"ఎవరో కొట్టినట్టున్నారు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ చిన్నయ్య, గొంతు తగ్గించి.

కృపారావు మోకాళ్ళ మీద కూర్చోబోయాడు. బెల్టు పొట్టలోకి దిగింది. మళ్ళీ లేచాడు.

"ఈ మధ్య ఒళ్ళు చేశారు సార్," అన్నాడు చిన్నయ్య.

"నోరుముయ్యి. ఆ అమ్మాయిని పిలు."

ప్రేమకుమారి వచ్చింది. అచ్చమ్మకి అక్క కూతురు. ఇరవై ఆరేళ్ళు. తల్లి పోయాక పిన్ని దగ్గరే పెరిగి, పిన్ని పనిచేసిన బడిలోనే టీచరయింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎప్పుడు చూశావమ్మా?"

"ఐదుంపావుకండి. కుండ చప్పుడైతే లేచి వచ్చా. అప్పటికే..."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మేమిద్దరమేనండి."

"ఆ చేతుల మీద దెబ్బలేంటి?"

ప్రేమకుమారి మొహం పాలిపోయింది. "దెబ్బలు కాదండి. చెయ్యి తలుపుకి తగిలినా చాలు, పిన్నికి అలా కమిలిపోయేది. ఏడాదిగా అంతే. దేవుడి తోడు, నేనెందుకు కొడతానండి?"

"నేను నువ్వు కొట్టావన్లేదు. ఎప్పట్నించి బాలేదు?"

"మంగళవారం నుంచండి. కీళ్ళన్నీ పట్టేశాయి. బుధవారం నుంచి వాంతులు. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయనేది. ఆస్పత్రికి పద పిన్నీ అంటే, ఇది నా శిక్షే, నేనే భరించాలి అందండి."

"శిక్షా? దేనికి?"

"చెప్పలేదండి."

గూట్లో ఒక చిన్న గాజు సీసా ఉంది. లేబుల్ మీద పేరు లేదు. 17 అన్న అంకె మాత్రం ఉంది. లోపల పసుపుపచ్చటి మాత్రలు.

"ఇవేంటి?"

"తెనాలి డాక్టరు గారివండి. కీళ్ళవాతానికి. ఆదివారం ఆదివారం చర్చి నుంచి వచ్చాక మూడు వేసుకునేది."

వీధిలో సైకిలు బెల్లు మోగింది. తెల్ల చొక్కా, చేతిలో మడిచిన కాగితం. చర్చి సంఘపెద్ద ఆదాము. ఒకప్పుడు కాంపౌండరు. ఇప్పుడు చర్చి వీధిలో చిన్న కొట్టు పెట్టుకుని వేళ్ళూ ఆకులూ దంచి కీళ్ళనొప్పుల పొడి అమ్ముతాడు. మెత్తటి మనిషి, మాట తేనె. ఆ పొడి కృపారావుకీ తెలుసు. నాలుగు నెలలుగా పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళతో ఒక పొట్లం వేసుకుంటున్నాడు. అంతకుముందు తెల్లారి లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు. చొక్కా గుండీలు భార్య శకుంతల పెట్టేది. రివాల్వర్ పట్టుకోలేని ఇన్‌స్పెక్టర్‌ని డిపార్ట్‌మెంట్ ఎన్నాళ్ళు ఉంచుకుంటుంది? ఆ భయంతో ఎవరికీ చెప్పలేదు. ఆదాము పొడి వారంలో గుణమిచ్చింది. అందుకని ఆదామంటే అతనికి గౌరవం.

"ఫిర్యాదు రాసుకొచ్చానండి," అన్నాడు ఆదాము కాగితం చాపుతూ. "తెనాల్లో నరసింహమూర్తని డాక్టరు. మన ఆడవాళ్ళ మీద ప్రయోగాలు చేస్తున్నాడు సార్. కేన్సర్ మందు తెచ్చి కీళ్ళకి వేస్తున్నాడు. రామరామ... ఛ, ప్రభువా! ఆ మందు టీచరమ్మని చంపేసింది. పేదోళ్ళ ప్రాణాలంటే అంత అలుసా?"

ఏడున్నరకి స్టేషన్‌కి డీఎస్పీ ఫోన్ వచ్చింది. ఆదాము ఫిర్యాదు నకలు అప్పటికే ఆయన దగ్గరుంది.

"ప్రయోగమా? ఎవరికి ఏ మందు ఇచ్చాడో లిస్టు ఉండాలి కదయ్యా. పట్టుకో. సాయంత్రం ఐదింటికల్లా ఆ లిస్టు బయటికి తీయించి, డాక్టర్ని లోపలెయ్యి."

*

తెనాలి. తొమ్మిదీ ఇరవై.

డాక్టర్ నరసింహమూర్తికి నలభై ఏళ్ళుంటాయి. అచ్చమ్మ పోయిందన్న మాట వినగానే కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటిదాకా కళ్ళద్దాలు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"కేన్సర్ మందు కీళ్ళకి ఇస్తున్నారట. నిజమేనా?"

"నిజమే. మెథోట్రెక్సేట్. కేన్సర్‌కి పెద్ద మోతాదులో ఇస్తారు. కీళ్ళవాతానికి చిటికెడంత, అదీ వారానికి ఒక్కసారే. మూడు నాలుగేళ్ళుగా పైదేశాల్లో పరిశోధనలు వస్తున్నాయండి. కీళ్ళు వంకరపోకుండా ఆపుతుందంటున్నారు. మనవాళ్ళకీ పనిచేస్తుందా అని చూస్తున్నాను. మొత్తం అరవైమంది."

"అచ్చమ్మకి అదే ఇచ్చారా?"

"తెలీదు."

కృపారావు చూపు కాగితం మీంచి పైకి లేచింది. "తెలీదా? ఇచ్చింది మీరేగా?"

"ముప్పైమందికి మందు, ముప్పైమందికి వట్టి పిండి మాత్ర. చూడటానికి రెండూ ఒకటే. ఎవరికి ఏది వెళుతోందో వాళ్ళకీ తెలీకూడదు, నాకూ తెలీకూడదు. తెలిస్తే మందు తీసుకున్నవాడు బాగున్నట్టే నా కంటికి కనబడుతుంది. అందుకని నంబర్లు. ఆ నంబర్ల జాబితా సీలు వేసిన కవర్లో బాపట్లలో ఉంది. మీనాక్షి గారి దగ్గర. స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు."

"డాక్టర్ గారూ, నేను ఏం చేశానో నాకే తెలీదు అన్న ముద్దాయిల్ని చాలామందిని చూశాను. రుజువులతో సహా చెప్పింది మీరొక్కరే."

డాక్టరుకి నవ్వు రాలేదు. "ఇంకా ఐదు వారాలుంది. ఇప్పుడు కవరు విప్పితే ఈ ఏడాది శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు. సీలు తెగిన లెక్కని ఎవరూ నమ్మరు. అరవైమంది నన్ను నమ్మి వచ్చారండి. అందులో చెయ్యి ఎత్తి జడ వేసుకోలేనివాళ్ళున్నారు."

"ఒకామె చచ్చిపోయింది."

"అందుకే... మీరు విప్పమంటే విప్పుతాను," అన్నాడు డాక్టరు, నేల చూస్తూ. "నా మందే చంపిందేమోనని నాకూ భయంగానే ఉంది."

ఈ మాట దొంగ అనడు. కృపారావుకి ఆ నమ్మకం కలిగింది. కానీ నమ్మకం సాక్ష్యం కాదు.

"ఆమె కేసు చూపించండి."

ఫైలు వచ్చింది. నెలనెలా పిడికిలి బలం రాశారు. బీపీ చూసే పట్టీని చుట్టచుట్టి కొంచెం గాలి కొట్టి, రోగిని గట్టిగా పిసకమంటారు. పాదరసం ఎంత లేస్తే అంత బలం. అచ్చమ్మది మొదటినుంచీ బాగానే ఉంది. ఆగస్టు పదమూడున, అంటే చనిపోవడానికి వారం ముందు, నూట ఎనభై.

"వేరే మందులేమైనా వాడేదా?"

"వాడకూడదన్నది మొదటి షరతు. ప్రతి నెలా అడిగేవాణ్ణి. లేదండి అనేది." డాక్టరు సొరుగులోంచి ఒక పోస్టుకార్డు తీశాడు. "ఇది గురువారం వచ్చింది. నాకర్థం కాలేదు."

ముత్యాల్లాంటి అక్షరాలు. తేదీ 14-8-88, ఆదివారం.

డాక్టరు గారికి నమస్కారములు. నేను మీకొక అబద్ధం చెప్పాను. ఇక చెప్పను. ఈసారి వచ్చినప్పుడు అంతా విన్నవించుకుంటాను. అచ్చమ్మ.

కృపారావు కార్డు రెండుసార్లు చదివాడు. ఏ అబద్ధం? శిక్ష అన్నది దీనికేనా?

"డాక్టర్ గారూ, జీపెక్కండి. బాపట్ల వెళదాం."

*

బాపట్ల. పన్నెండుంపావు.

మీనాక్షి గారు తలుపు సగమే తీశారు. అరవై రెండేళ్ళు. ముతక చీర, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. విషయమంతా గుమ్మంలోనే విన్నారు.

"ఇవ్వను," అన్నారు.

"పోలీసు ఆర్డరండీ."

"కోర్టు ఆర్డరు తీసుకురండి నాయనా. అరవైమంది పేర్లూ ఒకే కాగితం మీద రాశాను. మనిషికో కవరు పెట్టాల్సింది. నాదే బుద్ధి తక్కువ. ఒకరి కోసం విప్పితే అందరిదీ బయటపడుతుంది."

"ఐదింటికల్లా అది విప్పించి ఈయన్ని అరెస్టు చెయ్యమన్నారమ్మా."

ఆవిడ డాక్టరు వంక చూశారు. ఎండిన పెదవులు, నలిగిన చొక్కా. తలుపు పూర్తిగా తీశారు.

"కవరుతో పాటు నేనూ వస్తాను. ఐదు కొట్టేదాకా అది నా సంచిలోనే ఉంటుంది. ఈలోగా మీరు చెయ్యాల్సిన పని మీరు చెయ్యండి. దొంగని పట్టడం చేతకాక కవరు చింపాం అనిపించుకోకండి."

చిన్నయ్య దగ్గాడు. కృపారావుకి ఒళ్ళు మండింది. కానీ ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. జీపుకి చెరుకుపల్లి దగ్గర గేదెల మంద అడ్డొచ్చి పావుగంట పోయింది. కృపారావు గడియారం చూసుకున్నాడు. అరగంటలో ఆరోసారి.

*

రేపల్లె. మూడూ నలభై.

పోస్ట్‌మార్టమ్ రిపోర్టు వచ్చి ఉంది. లోపలి గాయాలు లేవు. విషం ఆనవాలు లేదు. కమిలినవి పైచర్మం కింద రక్తం మాత్రమే. మరణ కారణం తేలలేదు.

అచ్చమ్మ ఇంట్లో డాక్టరూ మీనాక్షి గారూ చూస్తుండగా కృపారావు మాత్రల సీసా బల్ల మీద బోర్లించి లెక్కపెట్టాడు. పదిహేను. ఇంకా మిగిలిన ఐదు ఆదివారాలకి మూడేసి. సరిగ్గా సరిపోయాయి. ఒకటి ఎక్కువ వేసుకోలేదు, ఒకటి తక్కువ కాలేదు.

నాలుగు కొట్టింది. దారులన్నీ మూసుకుపోతున్నాయి.

అప్పుడు పెరటి తలుపు దగ్గర ఎవరో పిలిచారు. "అమ్మా ప్రేమా!"

చంకలో గుడ్డ సంచి, చేతిలో ఇత్తడి సోల. పుల్లమ్మ. ఇళ్ళకి వెళ్ళి వాక్యం చదివి వినిపించే సంఘం బైబిలు స్త్రీ. శనివారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి పిడికెడు బియ్యం పోగుచేస్తుంది. రెండు పూటలా ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తుంది. వారానికోసారి ఆ బియ్యం చర్చికి పోతాయి.

"ఇవాళ కూడానా?" అన్నాడు చిన్నయ్య.

"టీచరమ్మ ముప్పై ఏళ్ళలో ఒక్క పూట మానలేదు నాయనా. ఆవిడ ఆఖరి పిడికెడు వదిలేసి పోనా?" అంది పుల్లమ్మ కళ్ళొత్తుకుంటూ.

కృపారావు తల ఊపాడు. పుల్లమ్మ కుండ వంచి సోలలోకి పోసింది. అలవాటుగా అంచు చూసుకుంది. ఆగిపోయింది.

"ఇదేంటి? సోల కూడా నిండలా."

"ఎప్పుడూ ఎంతొచ్చేది?" అన్నాడు కృపారావు వెంటనే.

"తవ్వెడండి. రెండు సోలలు. శనివారం శనివారం గీత గీసినట్టు తవ్వెడు."

"పోయిన శనివారం?"

"తవ్వెడేనండి."

కృపారావు ప్రేమకుమారి వైపు తిరిగాడు. "ఈ వారం ఎన్ని పూటలు మానేసింది?"

"ఒక్కటీ మానలేదండి. నిలబడే ఓపిక లేకపోయినా పొయ్యి దాకా వచ్చేది. నేను వేస్తానంటే ఒప్పుకునేది కాదు."

"వేసేటప్పుడు నువ్వు చూశావా?"

"చూశానండి. వేళ్ళు ముడుచుకోక చాలావరకు బియ్యం జారిపోయేవి."

కృపారావు నిలబడిపోయాడు. పిడికిళ్ళ లెక్క తగ్గలేదు. పిడికిలే తగ్గింది.

ఆ బాధ అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగు నెలల కిందటి తన చేతులే అవి.

"డాక్టర్ గారూ! పదమూడో తారీకున పిడికిలి నూట ఎనభై. పద్నాలుగున కార్డు మీద ముత్యాల్లాంటి రాత. మంగళవారానికి చెయ్యి ముడుచుకోదు. మీ మాత్ర మానలేదు, సీసా సాక్ష్యం. ఒకవేళ మానినా అంత తొందరగా బిగుసుకుంటుందా?"

"లేదు. ఈ మందు మానితే మళ్ళీ నొప్పి రావడానికి వారాలు పడుతుంది."

"మరి ఏది మానితే రెండు మూడు రోజుల్లో ఇలా అవుతుంది?"

డాక్టరు చటుక్కున ముందుకొచ్చాడు. రిపోర్టు లాక్కుని వేలుపెట్టి వెతికాడు. ఒక వాక్యం దగ్గర వేలు ఆగింది.

"చూడండి. మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు చిక్కిపోయి ఉన్నాయని రాశారు. నేను గాడిదని. గుండ్రటి మొహం, కమిలిన చేతులు కళ్ళముందే ఉన్నాయి. వయసనుకున్నాను. స్టెరాయిడ్!"

"అంటే?"

"కీళ్ళనొప్పిని చేత్తో తీసేసినట్టు తీసేస్తుంది. కానీ రోజూ పోతుంటే ఒంట్లో ఆ పనిచేసే గ్రంథులు నిద్రపోతాయి. మొహం గుండ్రమవుతుంది. పొట్ట పెరుగుతుంది. ఆకలి ఎక్కువవుతుంది. చర్మం పల్చబడి ముట్టుకుంటే కములుతుంది. ఎప్పుడైనా ఒక్కసారిగా మానేశారో, గ్రంథులు లేవవు. వాంతులు, కళ్ళు తిరగడం, బీపీ పడిపోవడం. చివరికి ప్రాణం..."

చిన్నయ్య డాక్టర్ని చూడటం లేదు. కృపారావు మొహాన్ని చూస్తున్నాడు. ఆ తర్వాత బెల్టుని చూశాడు.

కృపారావు మెల్లగా చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు. మోచేతి కింద రూపాయి బిళ్ళంత నల్లమచ్చ. బీరువా తగిలిందనుకున్నాడు మొన్న. ఎదుటివాడి కంట్లో నలుసు వెతికేవాడు తన కంట్లో దూలం చూసుకోడని ఆదివారం ఆదివారం వింటూనే ఉన్నాడు. పొద్దున్నే శవం మొహం చూశాడు. అంతకు గంట ముందు అద్దంలో అదే మొహం చూసి గడ్డం గీసుకున్నాడు.

నిజంగా భయం వేసింది. దాన్ని మింగి అడిగాడు.

"పుల్లమ్మా, పోయిన ఆదివారం చర్చిలో ఏం జరిగింది?"

"ప్రభు భోజనమండి. టీచరమ్మ రొట్టె, రసం తీసుకోను బల్ల దగ్గరికి వెళ్ళేముందు బాగా ఏడ్చింది. అయ్యాక బయట గేటు దగ్గర ఆదాముకి ఏదో బిస్కట్ల డబ్బా ఇచ్చింది. బరువు దిగిపోయింది పుల్లమ్మా అంది నాతో."

"చిన్నయ్యా! ఆదాముని పిలుచుకురా. ఇన్‌స్పెక్టర్ గారు ఫిర్యాదు గురించి మాట్లాడాలన్నారని చెప్పు. అతను బయల్దేరగానే కొట్టు దగ్గర ఇద్దర్ని నిలబెట్టు."

మీనాక్షి గారు సంచి ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం చూశారు. నాలుగూ నలభై.

*

ఆదాము తెల్ల చొక్కాతోనే వచ్చాడు. డాక్టర్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"కూర్చో ఆదామూ. ఐదింటికి కవరు విప్పుతాం. నీ ఫిర్యాదు నిలబడేట్టే ఉంది."

"న్యాయం జరగాలి సార్. అంతే."

"అన్నట్టు నీ పొడి గురించి ఒక మాట. నాలుగు నెలలుగా వాడుతున్నాను."

"గుణమిచ్చింది కదండీ?"

"బాగా ఇచ్చింది. కానీ మానేశాను. పొద్దున ఈ చావు చూశాక ఏ మందూ వద్దనిపించింది. మిగిలిన పొట్లాలన్నీ కాలవలో పారేశాను. శకుంతలకీ చెప్పేశాను, ఇక ఒక్క పొట్లం కూడా ఇంట్లోకి రాకూడదని."

అది అబద్ధం. పొట్లం జేబులోనే ఉంది.

ఆదాము కండువాతో మెడ తుడుచుకున్నాడు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. కృపారావు తొందరపడలేదు.

"నొప్పి మళ్ళీ వస్తుందంటావా?" అన్నాడు చాలాసేపటికి.

"వస్తుందేమో సార్... కొంచెం..."

"పర్వాలేదు, ఓర్చుకుంటా. ఇంకేం అవదు కదా? వేళ్ళూ ఆకులేగా."

ఆదాము చూపు వంటింటి వైపు పోయింది. పొయ్యి ముందు ఖాళీ నేల.

"సరే, వెళ్ళొస్తా. డీఎస్పీ గారికి ఫోన్ చెయ్యాలి." కృపారావు లేచాడు. గడప దాకా నడిచాడు.

"సార్!"

ఆగాడు.

"మానొద్దు సార్. ఒక్కసారిగా మానకూడదు. రేపు పొద్దున్నే వేసుకోండి. నేనే తెచ్చిస్తా. మీ కాళ్ళు పట్టుకుంటా, మానొద్దు..."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. కృపారావు వెనక్కి వచ్చి ఆదాము ఎదురుగా కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

"ఆదివారం డబ్బా తెచ్చిచ్చి, అచ్చమ్మ టీచరు నీతో ఏమంది?"

"డాక్టరుకి అబద్ధం చెప్పి ప్రభువు బల్ల ముట్టుకోలేనంది సార్. ఇవాళ్టి నుంచి నీ పొడి మానేశాను, ఏమీ అనుకోకు ఆదామన్నా అంది."

"మానకూడదని నాకు చెప్పిన మాట ఆమెకెందుకు చెప్పలేదు?"

ఆదాము కండువా అంచు వేలికి చుట్టుకున్నాడు.

"మంగళవారం మంచం పట్టింది. బుధవారం వాంతులు. నీ కొట్టు ఈ ఇంటికి నాలుగిళ్ళవతల. ఆరు రోజులు! ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పొడిలో ఏం కలుపుతున్నానో చెప్పాల్సొచ్చేది సార్." ఆదాము మొహం చేతుల్లో దాచుకున్నాడు. "తగ్గిపోద్దనుకున్నా. రోజూ ప్రార్థన చేశా సార్, తగ్గిపోవాలని."

"ప్రార్థన చేశావా!" ప్రేమకుమారి ముందుకొచ్చింది. "గురువారం వచ్చి మంచం పక్కన మోకరించి ప్రార్థన చేశాడండి. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని నాకోసం ఎంత తపన పడుతున్నావు అన్నా అంది. అప్పుడైనా చెప్పొచ్చుగా! ఒక్క మాట చెబితే పిన్ని బతికేది కదండీ!"

ఆమెని పుల్లమ్మ పట్టుకుంది. కృపారావుకి ఆదాము చెంప పగలగొట్టాలనిపించింది. పిడికిలి బిగిసింది కూడా. ఆ పిడికిలి బిగియడం ఎవరి పొడి వల్లో గుర్తొచ్చి విప్పేశాడు.

ఈలోగా కొట్టు సోదా చేసిన చిన్నయ్య బిస్కట్ల డబ్బాతో వచ్చాడు. లోపల ఇరవై రెండు పొట్లాలు. దంచే రోలు పక్కన స్టెరాయిడ్ మాత్రల ఖాళీ డబ్బాలు కూడా దొరికాయి.

"టీచరు ఏదో మింగి పోయిందని అందరం పొద్దుట్నించి వెతుకుతున్నాం," అన్నాడు కృపారావు. "ఆమె మానేసి పోయింది. నిజం చెప్పాలనుకుని మానేసింది. నిజం తెలిసినవాడు నోరు మూసుకుని చూశాడు."

గడియారం ఐదు కొట్టింది. మీనాక్షి గారు సంచిలో చెయ్యి పెట్టి కవరు తడిమి చూసుకున్నారు. సీలు సీలులాగే ఉంది.

*

సెప్టెంబరు నెలాఖరు ఆదివారం తెనాల్లో ఆ కవరు విప్పారు. సాక్షి సంతకం కృపారావు చేత పెట్టించారు మీనాక్షి గారు. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. ఆవిడ గమనించారు, ఏమీ అనలేదు.

మందు తీసుకున్న ముప్పైమందిలో ఇరవైమందికి పైగా కీళ్ళ వాపు తగ్గింది. పిండి మాత్ర తీసుకున్నవాళ్ళలో ఏడుగురికే. డాక్టరు ఆ అంకెలు రెండుసార్లు కూడి చూసుకున్నాడు.

"పదిహేడు?" అన్నాడు కృపారావు.

మీనాక్షి గారు కాగితం మీద వేలు జరిపారు. "పిండి మాత్ర."

ఏడాదిపాటు ప్రతి ఆదివారం అచ్చమ్మ టీచరు పిండి మింగింది. ఒక్కటి కూడా మానకుండా. డాక్టరు కలం తీసి పదిహేడో వరస కొట్టెయ్యబోయి ఆగాడు.

"పొడి వాడింది కాబట్టి ఈమెని లెక్కలోంచి తియ్యాలి. కార్డు రాయకపోతే తీసేవాణ్ణి కాదు. పిండి మాత్రతో నూట ఎనభై పిడికిలి అని రాసుకుని నా లెక్కే తప్పేది," అన్నాడు.

కృపారావుకి స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపలేదు. డాక్టరే మోతాదు కట్టి, రెండు వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గిస్తున్నాడు. ఆదివారాలు అసలు మందు మొదలుపెట్టాడు. అది పనిచెయ్యడానికి ఇంకా టైమ్ పడుతుంది. ఈలోగా నొప్పి వెనక్కి వస్తోంది. డిపార్ట్‌మెంటుకి ఉన్నదున్నట్టు రాసి పంపాడు. ఏమంటారో ఇంకా తెలీదు.

కవరు విప్పిన మర్నాడు పొద్దున్నే కృపారావు వంటింట్లోకి వెళ్ళాడు. శకుంతల ఎసరు పెట్టి బియ్యం చేటలో పోసింది.

"ఇవాళ నేను వేస్తా," అన్నాడు.

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అడగని మాట. శకుంతల చేట అతని ముందుకి జరిపింది. అతను బియ్యంలో చెయ్యి పెట్టి తీశాడు. వేళ్ళు ముడుచుకోలేదు. సగానికి పైగా సందుల్లోంచి జారి చేటలో పడ్డాయి.

"నేను వెయ్యనా?" అంది శకుంతల.

"వద్దు," అన్నాడు కృపారావు. చేతిలో మిగిలినవి తీసుకెళ్ళి దేవుడి కుండలో వేశాడు.